క్రీస్తువిరోధి: గ్రంథార్థమును, చరిత్రయు, నేటి ప్రసక్తియు

మన తెలుగు క్రైస్తవ సంఘములలో క్రీస్తువిరోధి యను పేరు వినబడినంతనే శ్రోతల మనస్సున మెదలు చిత్రమొకటి కలదు. లోకమంతటిని ఏకచ్ఛత్రముగ నేలబోవు చక్రవర్తి, కుడిచేతిమీదనో నొసటిమీదనో వాని ముద్ర వేయించుకొననివాడు అంగడిలో పిడికెడు ఉప్పు సైతము కొనజాలని దుర్దినములు, ఏడేండ్ల మహాశ్రమకాలము, 666 అను సంఖ్య, ఇవన్నియు గలసి ఆ చిత్రమేర్పడినది. ఉజ్జీవ సభలలో పందిరి గుంజలకు వ్రేలాడగట్టిన గుడ్డపటములమీద నెబుకద్నెజరు కలగన్న ప్రతిమయు, పది కొమ్ముల మృగమును, మేఘములలోనికి ఎత్తబడు సంఘమును వరుసగ లిఖింపబడియుండగా, బోధకుడు బెత్తముతో ఒక్కొక్కదానిని చూపుచు రాబోవు కాలమునకు పట్టిక వేయుట మన పల్లెలకు పరిచితమైన దృశ్యమే. అయినను ఈ చిత్రమునకు ఆకరములని తలపబడు ప్రకటన గ్రంథమున గాని, దానియేలు గ్రంథమున గాని, పౌలు పత్రికలలో గాని, నాలుగు సువార్తలలో గాని ఆ పేరు ఒక్కమారైనను కానరాదు. అది యోహాను మొదటి పత్రికలో మూడు వచనములందును, రెండవ పత్రికలో ఒక వచనమందును మాత్రమే యున్నది.

ఇంత స్వల్పమైన ఆధారమునుండి ఇంత విపులమైన సంప్రదాయమెట్లు పెంపొందెను, దానిలో గ్రంథము చెప్పినదెంత, తరువాతి తరములు చేర్చినదెంత, నేటి క్రైస్తవునకు దానివలన గలుగు ప్రయోజనమేమి యను ప్రశ్నలను వరుసగ విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. నాకు తోచిన నిర్ణయమును ముందుగనే చెప్పుట మేలు. గ్రంథము ఈ పేరును సంఘమున కొసగినది ప్రధానముగ తనలోని అబద్ధమును తాను పరీక్షించుకొనుటకు. ఆ క్రమము తలక్రిందులై, పేరు వెలుపలివారిమీద ప్రయోగింపబడిన ప్రతి యుగమునను అది పగకు పనిముట్టైనది.

యోహాను పత్రికలు మొదటి శతాబ్ది చివరిభాగమున, ఆసియా రాష్ట్రమందలి ఎఫెసు పరిసరములలో పుట్టినవని ప్రాచీన సంప్రదాయము. అప్పటికి అచ్చటి సంఘము చీలియుండెను. వెడలిపోయినవారు విగ్రహారాధకులు కారు. నిన్నటివఱకు అదే బల్లయొద్ద రొట్టె విఱిచినవారు. మిగిలినవారు కలవరపడుచుండగా వృద్ధుడైన కాపరి వారికి వ్రాయుచు, కడవరి గడియలో క్రీస్తువిరోధి యొకడు రాగలడని వారు పూర్వమే వినియున్న సంగతిని జ్ఞప్తికి దెచ్చి, అట్టివారు అనేకులు ఇదివఱకే వచ్చియున్నారని హెచ్చరించెను. ఏకవచనము బహువచనమైనది, భవిష్యత్తు వర్తమానమైనది, దూరదేశపు రాజు నిలువవలసిన తావున నిన్నటి సహోదరుడు నిలిచెను. వారు మనలోనుండియే బయలుదేఱిరి గాని మనవారు కారైరని చెప్పి, వారిని గుర్తించుటకు ఆయన మూడు లక్షణములు నిర్దేశించెను: యేసే క్రీస్తని ఒప్పుకొనకపోవుట, తండ్రిని కుమారుని నిరాకరించుట, క్రీస్తు శరీరధారియై వచ్చెనని అంగీకరింపకపోవుట. సింహాసనముల ప్రస్తావన గాని, సంఖ్యల ప్రస్తావన గాని, సంవత్సరముల లెక్క గాని ఇందు లేదు.

ఈ మూడింటిలో కడపటిదానియందే పట్టంతయు నున్నది. పదార్థము హీనమనియు, ఆత్మయొక్కటే శ్రేష్ఠమనియు తలచు నాటి గ్రీకు భావవాతావరణమున, దేవుని కుమారుడు ఆకలిగొని, అలసి, రక్తము చిందించి మరణించెననుట అనేకులకు అనాగరికముగ తోచెను. కనుక కొందఱు ఆయన దేహము కేవలము ఆభాసమనిరి. కెరింతు అను బోధకుడైతే యేసు యోసేపునకు పుట్టిన సామాన్య మానవుడనియు, బాప్తిస్మకాలమున క్రీస్తనువాడు పావురమువలె ఆయనమీదికి దిగివచ్చి, సిలువకు ముందే విడిచిపోయెననియు బోధించెనట. ఎఫెసులోని స్నానశాలకు వెళ్లిన యోహాను, లోపల కెరింతు ఉన్నాడని తెలిసి, ఈ సత్యశత్రువుతో పాటు కప్పు తమమీద గూలునేమోయని స్నానము చేయకయే పరుగెత్తి వచ్చెనని స్ముర్న కాపరి పోలికార్పు చెప్పుచుండెడివాడని 2వ శతాబ్దిలో ఐరేనియస్ వ్రాసినాడు. కథ ఎంతవఱకు యథార్థమైనను, ఆ వివాదమెంత తీవ్రమైనదో దానివలన తెలియుచున్నది.

ఈ తీవ్రతకు కారణము కేవలము తత్త్వవిచారము కాదు. 2వ శతాబ్ది తొలినాళ్లలో సంకెళ్లతో రోమాకు కొనిపోబడుచు అంతియొకయ కాపరి ఇగ్నేషియస్ స్ముర్న సంఘమునకు వ్రాసిన పత్రికలో, క్రీస్తు శరీరమును ఆభాసమనువారి నడవడిని వర్ణించుచు, వారికి విధవరాండ్రను గూర్చి గాని, దిక్కులేని పిల్లలను గూర్చి గాని, చెఱసాలలోనివానిని గూర్చి గాని, ఆకలిగొనినవానిని గూర్చి గాని చింత లేదని చెప్పెను. క్రీస్తు దేహమును మిథ్యయనువానికి పొరుగువాని దేహమును మిథ్యగనే కనిపించునన్న అన్వయమిందు స్పష్టము. యోహానును ఇదే త్రోవలో నడిచెను: లోకసంపద గలవాడు సహోదరుని లేమిని చూచి కనికరము చూపనియెడల దేవుని ప్రేమ వానియందెట్లుండునని ప్రశ్నించినదియు, కన్నులయెదుట నున్న సహోదరుని ప్రేమింపనివాడు కనబడని దేవుని ప్రేమింపజాలడన్నదియు ఆ మొదటి పత్రికలోనే. క్రీస్తువిరోధిని గూర్చిన హెచ్చరికను ఈ మాటలనుండి విడదీసి చదువుట పత్రికను రెండుగ చీల్చుటయే.

ఇక పేరు చెప్పకయే చిత్రమును సమకూర్చిన రెండవ ప్రవాహమొకటి కలదు. దానికి ఊట దానియేలు గ్రంథము. అందలి సప్తమాధ్యాయమున సముద్రమునుండి పైకెక్కు నాలుగు మృగములును, నాలుగవదాని తలపై మొలచి గర్వపు మాటలు పలుకు చిన్న కొమ్మును, తరువాతి అధ్యాయములలో నిత్యబలిని మాన్పి హేయవస్తువును నిలుపు రాజును మనకు కనబడుదురు. సిరియా నేలిన అంతియొకస్ ఎపిఫనేసు క్రీ.పూ. 167లో సున్నతిని, విశ్రాంతిదినాచారమును నిషేధించి, యెరూషలేము దేవాలయమందలి బలిపీఠముపై జ్యూస్ దేవతకు పీఠము కట్టించెను. మక్కబీయులు పోరాడి క్రీ.పూ. 164లో ఆలయమును శుద్ధిచేసిరి. ఆ చిన్న కొమ్ము ఈ రాజేయని 3వ శతాబ్దిలో క్రైస్తవవిమర్శకుడగు తత్త్వవేత్త పోర్ఫిరి వాదించెను. జెరోము తన వ్యాఖ్యానమున దానికి ప్రత్యుత్తరమిచ్చుచు, అంతియొకస్ రాబోవు విరోధికి ఛాయామాత్రుడనెను. గ్రంథ మొక పీడకుని వర్ణించెనా, పీడకులందఱి జాతిలక్షణమును వర్ణించెనా యను తర్కము అప్పటినుండి నేటివఱకు తెగలేదు.

ఆ జాతి అంతియొకస్‌తో అంతరింపలేదని యూదులకు మఱల తెలియవచ్చెను. క్రీ.శ. 40లో కలిగులా చక్రవర్తి తన ప్రతిమను యెరూషలేము దేవాలయమున నిలుపుమని ఆజ్ఞాపించినప్పుడు, విత్తనములు చల్లవలసిన కాలమున పొలములను బీడువెట్టి వేలకొలది జనులు సిరియా అధిపతి పెత్రోనియస్ ముందు సాగిలపడి, తమ మెడలు నఱికిన తరువాతనే ఆ పని సాగునని మొఱపెట్టిరి. పెత్రోనియస్ జాగుచేసెను, 41 జనవరిలో చక్రవర్తి హతుడగుటచే ఆపద తప్పెను. ఈ సంఘటన జరిగి పదియేండ్లు గడచినంతనే థెస్సలొనీకయులకు పంపబడిన రెండవ పత్రికలో, దేవాలయమందు కూర్చుండి తానే దేవుడనని కనుపఱచుకొను పాపపురుషుని ప్రస్తావన వచ్చుట ఆకస్మికము కాదు. అయితే ఆ పత్రిక సందర్భమును మనవారు తఱచుగ మఱతురు. ప్రభువు దినము వచ్చియే యున్నదన్న వదంతికి బెదరి కొందఱు పనిపాటలు మాని తిరుగుచుండగా, వారిని శాంతపఱచి, నెమ్మదిగ పనిచేసి తమ అన్నము తాము తినుడని బుద్ధిచెప్పుటకే పౌలు ఆ ప్రస్తావన చేసెను. భయము నార్పుటకు చెప్పిన మాట భయము రగుల్చుటకు వాడబడుట చరిత్రలోని వైపరీత్యములలో నొకటి.

ప్రకటన గ్రంథము 13వ అధ్యాయమున ఈ ప్రవాహము పరాకాష్ఠ నందెను. ఘటసర్పమునుండి అధికారము పొందిన సముద్రమృగమును, దానికి జనులచేత నమస్కారము చేయించు భూమృగమును ఆనాటి ఆసియా సంఘములకు ఊహాజనితములు కావు. పెర్గములో రోమాదేవతకును ఔగుస్తునకును క్రీ.పూ. 29లోనే ఆలయము మంజూరైనది. దొమిషియన్ కాలమున ఎఫెసులోను సామ్రాట్టులకు గుడి వెలసెను. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ నేలుచున్న ప్లినీ, క్రైస్తవులని చెప్పబడినవారిచేత చక్రవర్తి ప్రతిమకు సాంబ్రాణియు ద్రాక్షారసమును అర్పింపజేసి, క్రీస్తును శపింపజేసి, అట్లు చేసినవారిని విడిచిపుచ్చుచున్నానని ట్రాజనునకు వ్రాసికొనెను. ఇక సంఖ్య సంగతి. హెబ్రీ లిపిలో అక్షరములే అంకెలు గనుక, నీరో చక్రవర్తి పేరును నేరోన్ కైసరని వ్రాసి కూడినచో 50, 200, 6, 50, 100, 60, 200 గలసి 666 అగును. చివరి నకారమును విడిచి లాటిను రీతిని వ్రాసినచో 50 తగ్గి 616 అగును. కొన్ని ప్రాచీన ప్రతులలో 616 అనియే యుండుట ఈ సమాధానమునకు గట్టి ఊతము. మొదటి పాఠకులకు ఆ సంఖ్య రెండువేల యేండ్ల తరువాతి యంత్రమును గూర్చిన పొడుపుకథ కాదు. తమ బంధువులను చంపించిన రాజు పేరు.

పత్రికలలోని పేరును, దర్శనములలోని చిత్రమును ఒక్కచో జేర్చి సమగ్రమైన చరిత్రగ కూర్చినవారు 2, 3 శతాబ్దుల గురువులు. ఐరేనియస్ తన పంచమ గ్రంథమున విరోధి దాను గోత్రమున పుట్టునని చెప్పి, 666కు సరిపోవు పేరులు మూడింటిని పరిశీలించి, చివఱకు ఆ పేరు మనకు తెలియుట అవసరమైయుండినచో దర్శనము చూచినవాడే చెప్పియుండునని కలము దించెను. తరువాతివారిలో ఆయన జోస్యమును గ్రహించినవారు పెక్కండ్రు, ఆయన సంయమమును గ్రహించినవారు కొందఱే. క్రీ.శ. 200 ప్రాంతమున హిప్పోలిటస్ ఈ విషయముపైననే ప్రత్యేక గ్రంథము రచించి, విరోధి ప్రతి యంశమునను క్రీస్తు ననుకరించునని నిరూపించెను. పాపపురుషుడు బయలుపడకుండ అడ్డగించువాడని పౌలు చెప్పినది రోమా ప్రభుత్వమేయని తెర్తుల్లియను తలచి, తమను హింసించు సామ్రాజ్యము నిలువవలెనని క్రైస్తవులు ప్రార్థించుచున్నారని వాదించెను. అగస్తీను మాత్రము ఆ వాక్యమున అపొస్తలుని భావమేమో తనకు తెలియదని నిర్మొగమాటముగ ఒప్పుకొనెను. ఆయనయే యోహాను మొదటి పత్రికపై ప్రసంగించుచు, విరోధిని వెదకవలసిన తావు నాలుక కాదు, క్రియలని, నోట క్రీస్తును ఒప్పుకొని నడతలో కాదనువాడు సంఘములో కూర్చుండియు విరోధియేయని చెప్పి, ప్రతివాడును తన మనస్సాక్షిని అడుగవలెననెను. లాటిను సంఘమునకు ఈ అంతర్ముఖ వ్యాఖ్యానము ఆ మహనీయుని దానము.

ఆ దానము మధ్యయుగమున నిలువలేదు. 950 ప్రాంతమున ఆద్సో అను సన్యాసి ఫ్రాంకుల రాణి గెర్బెర్గా కోరికపై, పరిశుద్ధుల జీవితములు వ్రాయు రీతిననే విరోధికి జన్మస్థలముతోను, బాల్యముతోను గూడిన జీవితచరిత్ర రచించెను. బబులోనులో, యూదవంశమున పుట్టునన్న ఆ కథ యూరపులో యూదుల యెడ ద్వేషమునకు పోషకమయ్యెను. ఇక పేరులు పెట్టుట మొదలైనది. ఇటలీ మఠాధిపతియగు యోవాకీము ఘటసర్పము ఏడు తలలలో ఆరింటికి హేరోదు మొదలు సలాదీను వఱకు రాజులను నిర్ణయించి, విరోధి రోమాలో ఇదివఱకే పుట్టియున్నాడని క్రూసేడునకు పోవుచున్న రిచర్డు రాజుతో మెస్సీనాలో చెప్పెనని ఆనాటి చరిత్రకారుడొకడు వ్రాసెను. 1239లో తొమ్మిదవ గ్రెగొరీ పోపు ఫ్రెడరిక్ చక్రవర్తిని సముద్రమునుండి లేచిన మృగమనగా, చక్రవర్తి పక్షమువారు ఆ బిరుదునే పోపునకు మఱలించిరి. ఒకే గ్రంథము చేతబట్టిన ఇరువురు ఒకరినొకరు ఆ పేరుతో పిలిచికొనినప్పుడు ఇక గ్రంథము ఎవరికిని తీర్పరి కాజాలదు.

సంస్కరణయుగమున ఆ వాగ్వాదము సిద్ధాంతమైనది. లూథరు 1520లో తన్ను ఖండించిన పోపు శాసనమును విరోధి శాసనమని నిందించి దహించెను. మఱుసటి యేడు లూకాస్ క్రానక్ చెక్కిన 26 చిత్రముల చిన్న పుస్తకము వెలువడెను; అది చదువురాని రైతును సైతము కదల్చినది. ఎడమ పుటలో క్రీస్తు శిష్యుల పాదములు కడిగి ముద్దిడుచుండును, కుడి పుటలో రాజులు పోపు పాదమును ముద్దిడుచుందురు. ఎడమవైపు ముళ్లకిరీటము, కుడివైపు మూడంతస్తుల కిరీటము. కడపటి జంటలో ఒకరు ఆరోహణమగుచుండ, వేఱొకరు అగ్నిలోనికి త్రోయబడుచుందురు. కళాఖండముగ అది పదునైనది. అందలి విమర్శలో న్యాయమును కొంత లేకపోలేదు. అధికారము క్రీస్తు పద్ధతికి విపరీతమైనచో అది విరోధభావమేయన్న సూత్రము యోహానునకు దూరము కాదు. అయితే పద్ధతిపై విమర్శ పీఠముపై శాశ్వత ముద్రయై, 1646 నాటి వెస్ట్‌మినిస్టరు విశ్వాసప్రమాణమున అధికరణముగ చేరెను. అమెరికా ప్రెస్బిటీరియనులు దానిని 1903లో సవరించువఱకు నిలిచెను. పోపు పీఠముపై మోపబడిన ఈ నిందను తప్పించుటకు యేసుసభవారిలో రిబేరా విరోధిని సుదూర భవిష్యత్తునకును, అల్కాజర్ గడచిన రోమా యుగమునకును జరిపిరి. నేటి ప్రొటెస్టంటు సభలలో ప్రబలముగ వినవచ్చు భవిష్యద్వాదమునకు తొలి వ్యవస్థాపకులలో నొకరు పోపు పక్షపు పండితుడగుట విశేషము.

అటుపిమ్మట ఆ పేరు నానాదేశములందు నానాజనులమీద వ్రాలెను. రష్యాలో పూర్వాచారపరులు పీటరు చక్రవర్తికి దానిని తగిలించిరి. నెపోలియను పేరునుండి 666 రాబట్టుట ఎంత వేడుకయైనదో టాల్‌స్టాయి యుద్ధము-శాంతి నవలలో పియెర్ చేయు లెక్కవలన తెలియును. పియెర్ తన పేరును సాగదీసి, కుదించి, చివఱకు అదే సంఖ్యకు సరిపెట్టుకొనును. లెక్క కుదుర్చుకొనవలెనని సంకల్పించినవానికి కుదురని పేరు లేదన్న సత్యమును ఏ వ్యాఖ్యాతయు ఇంత చక్కగ చెప్పలేదు. 19వ శతాబ్దిలో జాన్ నెల్సన్ డార్బీ, దానియేలు చెప్పిన డెబ్బది వారములలో కడపటి వారము ఇంకను రావలసియున్నదనియు, సంఘమెత్తబడిన పిమ్మట ఆ ఏడేండ్లును విరోధి ఏలుననియు ఒక క్రమము నేర్పఱచెను. 1909లో వెలువడిన స్కోఫీల్డు వ్యాఖ్యాన బైబిలు దానిని పుటల అడుగున ముద్రించి ప్రపంచమంతట వెదజల్లెను. డార్బీ యే సహోదర సమాజమునకు చెందెనో ఆ సమాజమునకే చెందిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రేరణచే 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ సకుటుంబముగ మన తీరమునకు వచ్చి గోదావరి డెల్టాలో సేవచేసిరి. గ్రోవ్స్ మాత్రము అదే యేట డార్బీకి లేఖ వ్రాసి, అన్యుల దోషములను వెదకుటయే ఐక్యతకు ఆధారము చేయవలదని మందలించినవాడు. మన ప్రాంతమునకు డార్బీ పట్టికలు సులువుగ చేరినవి. గ్రోవ్స్ మందలింపు అంతగ ప్రచారము పొందలేదు.

ఈ క్రమము ననుసరించి గ్రంథవాక్యములను వర్తమానవార్తలకు ముడివెట్టినవారి అనుభవమును పరిశీలించినచో చాలును. 1970లో హాల్ లిండ్సే ప్రచురించిన పుస్తకము ఐరోపా ఆర్థికసమాజమున పది కొమ్ములను చూచెను. 1981లో గ్రీసు చేరికతో సభ్యదేశములు పదియైనప్పుడు అనేకులు సంబరపడిరి. 1986లో స్పెయిను, పోర్చుగలు చేరి పండ్రెండైనవి, తరువాత ఇంకను పెరిగినవి. ఇట్లని భవిష్యద్వాదమందు సారమే లేదనుట సరికాదు. గతవాదము నీరోతో అంతయు ముగించును. చరిత్రవాదము ప్రతి శతాబ్దికి ఒక కొమ్మును పంచును. భావవాదము మృగమును సమయాతీతమైన ప్రతీకగ కరగించును. వీనిలో ఏదియు పౌలు చెప్పిన ఆ కడపటి వ్యక్తిని పూర్తిగ మ్రింగజాలదు. చెడుగు ఒకనాడు పూర్ణరూపము దాల్చి బట్టబయలగునన్న నిరీక్షణ గ్రంథమున ఉన్నది. దానిని త్రోసిపుచ్చుట నిజాయితీ కాదు. అయితే ఆ మర్మము ఇప్పుడే పనిచేయుచున్నదని పౌలును, ఆత్మ ఇప్పుడే లోకములో నున్నదని యోహానును ఏకవాక్యముగ చెప్పుచుండగా, రాబోవువానిని గుర్తింపగల కన్ను ఉన్నవానిని గుర్తించుటలోనే తరిఫీదు పొందవలెను.

ఈ తరిఫీదు ఎట్టిదో రష్యా తత్త్వవేత్త వ్లదిమీరు సొలొవ్యోవ్ 1900లో, తన మరణవత్సరముననే, వ్రాసిన చిన్న కథ చూపును. అందలి విరోధి క్రూరుడు కాడు. ముప్పదిమూడేండ్ల సుందరుడు, మాంసము ముట్టనివాడు, జంతువుల యెడ దయాళువు, విశ్వశాంతిపై గ్రంథకర్త. ఆకలిని, యుద్ధమును లోకమునుండి తొలగించి చక్రవర్తియగును. యెరూషలేములో సర్వసంఘసభ జరిపి, కథోలికులకు పోపుపీఠమును, తూర్పు సంఘమువారికి పురాతన సంప్రదాయముల ప్రదర్శనశాలను, ప్రొటెస్టంటులకు గ్రంథపరిశోధనాలయమును వరమిచ్చును. అత్యధికులు హర్షధ్వానములతో వేదికనెక్కుదురు. మిగిలిన కొందఱను మీకింకేమి కావలెనని యడుగగా, యోహాను అను వృద్ధ సన్యాసి లేచి, మాకు అన్నిటికంటె ప్రియమైనవాడు క్రీస్తే. ఆయన శరీరధారియై వచ్చి, మృతుడై, తిరిగి లేచెనని నీవు ఒప్పుకొనుమను భావముతో బదులు పలుకును. చక్రవర్తి నోట మాట రాదు. సంఘమునకు ఇష్టమైనవన్నియు ఇచ్చి క్రీస్తును మాత్రము తప్పించువాడే ప్రమాదకరుడన్న ఈ దృష్టి యోహాను పత్రికకు సన్నిహితమైనది. 1992 నాటి కథోలిక ధర్మోపదేశమును ఇదే ధోరణిలో, దేవుని స్థానమున మానవుడు తన్ను తాను మహిమపఱచుకొను మిథ్యారక్షకవాదమే పరమ వంచనయని నిర్వచించినది.

కథ వ్రాసి నలుబదియేండ్లు నిండకయే జర్మనీలో అది అనుభవమైనది. యూదరక్తము గల కాపరులను తొలగింపవలెననియు, యేసు ఆర్యుడే యనియు వాదించినవారు సంఘపీఠముల నాక్రమించిరి. యేసు ఏ జాతి శరీరమును ధరించెనో ఆ శరీరమును కాదనుట ఇది. పాత ఆభాసవాదమునకు కొత్త దుస్తులు. 1934 మే నెలలో బార్మెన్ పట్టణమున కూడిన సంఘప్రతినిధులు, సంఘము వినవలసిన దైవవాక్కు యేసుక్రీస్తొక్కడేయనియు, ఇతర శక్తులను, వ్యక్తులను దైవప్రత్యక్షతగ అంగీకరింపమనియు ప్రకటించిరి. ఆ ప్రకటనలో హిట్లరు పేరు లేదు, మృగము పేరును లేదు. అయినను విరోధభావము నిర్దిష్టముగ నిరాకరింపబడినది. అందు యూదుల పక్షమున ఒక్క మాటయు లేకుండుట దాని లోపమని, ప్రధాన రచయితయైన కార్ల్ బార్త్ తరువాత ఒప్పుకొనెను. ఒప్పుకోలు సరియైనదైనను, పొరుగువాని శరీరమును మఱచినంతమేర అది అసంపూర్ణమేయన్న పాఠము ఇందు గలదు.

మన సంఘములకు వత్తము. బార్ కోడు వచ్చినప్పుడు ఇదే ముద్రయనిరి. ఆధార్ వచ్చినప్పుడు ఇదే సంఖ్యయనిరి. కరోనా టీకా వచ్చినప్పుడు సూదిమొనలోనే మృగమున్నదని ఫోనులలో ప్రచారము చేసిరి. ప్రకటన గ్రంథమున నేరము సంఖ్యయందు లేదు, ఆరాధనయందున్నది. రేషను కార్డుమీద అంకె యుండుట ముద్ర కాదు. తనకు సాగిలపడనివానికి అన్నము పుట్టనీయని ఏ అధికారమైనను, అది రాజుదైనను, మతమునదైనను, ధనికునిదైనను, ఆ మృగపు స్వభావము గలదే. ఈ విచక్షణ లేక అంకెలకు బెదరిపోవు విశ్వాసి, నిజముగ నమస్కారము కోరు శక్తి ఎదురైనప్పుడు దానిని పోల్చుకొనలేడు. వ్యాధిభయమున టీకాకు పోవలసిన వృద్ధురాలిని ఆపిన బోధకుడు ఆమెను విరోధినుండి రక్షింపలేదు. ఆమె శరీరమును లెక్కచేయని పాత దోషమునే తాను చేసెను.

ఇక లోపలి పరీక్ష. వేదికవెనుక ఫ్లెక్సీపై బోధకుని ముఖము నిలువెత్తుగ నుండి, సిలువ మూలకు ఒదిగిపోవు సభలు మనకు తెలియనివి కావు. నూనె సీసాకు, చేతిగుడ్డకు వెల కట్టి, బాధ లేని క్రీస్తును, సిలువ లేని సువార్తను అమ్ము బోధ కెరింతు బోధకు దగ్గఱి చుట్టము. అతడును సిలువకు ముందే క్రీస్తును తప్పించినవాడే. ఒకే పాత్రలో ప్రభువు బల్లను పుచ్చుకొని, ఇంటికి వచ్చి సహవిశ్వాసి కులమును విచారించి పిల్లనిచ్చుటకు వెనుకాడు ఆచారము మనలో ఇంకను ఉన్నది. దేవుడు మానవమాంసమును ధరించెనని ఆదివారమున ఒప్పుకొని, ఆ మాంసములో ఎక్కువ తక్కువలు గలవని సోమవారమున నడచుకొనుట ఏ పేరున పిలువదగునో అగస్తీను ఏనాడో చెప్పియున్నాడు. ఈ వాక్యములను పొరుగు మతములవారిమీదనో, పొరుగు శాఖవారిమీదనో విసరుట సులభము. యోహాను ఆ సౌలభ్యమును మనకీయలేదు.

కావున క్రీస్తువిరోధిని గూర్చి సంఘము మూడు నియమములు పాటించుట యుక్తమని నా అభిప్రాయము. మొదటిది, యోహాను పత్రికలను ముందుగను, దర్శనగ్రంథములను వాని వెలుగులోను చదువుట. నిర్వచనము దొరికినచోటనే ఆరంభింపవలెను గదా. రెండవది, జీవించియున్న ఏ మనుష్యునికిని, ఏ జాతికిని, ఏ సంఘమునకును ఆ పేరు తగిలింపకుండుట. పందొమ్మిది శతాబ్దుల జాబితాలో ఒక్కటియు నిలువలేదు, దానివలన చిందిన రక్తము మాత్రము నిజము. మూడవది, ఏ బోధ యెదుట నిలిచినను, ఏ నాయకుని ముందు నిలిచినను, ఇది శరీరధారియైన క్రీస్తును ఒప్పుకొనుచున్నదా, ఆకలిగొన్న సహోదరుని శరీరమును లెక్కచేయుచున్నదా యను రెండు ప్రశ్నలను విడదీయక అడుగుట. కడవరి విరోధి వచ్చునప్పుడు వానిని ఎఱుగుటకు ఇంతకు మించిన సాధన అపొస్తలులు మనకొసగలేదు. పౌలు వాని అంతమును ప్రభువు నోటి ఊపిరితో ఒక్క వాక్యమున తేల్చివేసి, మిగిలిన పత్రికను ప్రార్థనకును, కష్టపడి పనిచేయుటకును, మేలుచేయుటలో విసుగుచెందకుండుటకును వినియోగించెను. ఆ పాళ్లు మన ప్రసంగములకును తగియున్నవి.